మూడు క్రెడిట్లు

హాల్ టికెట్లో నా పేరుకి ఒక అక్షరం తక్కువ,
ఆధార్లో ఒకటి ఎక్కువ.
గేటు దగ్గర కుర్రాడు రెండు కాగితాల్నీ నన్నూ
మార్చి మార్చి చూశాడు.
"సైదాబీని నేనే బాబూ,
ఆ అక్షరం దారిలో యాడో జారిపోయింది" అన్నాను.

తెల్లారకముందే చీమకుర్తిలో బస్సెక్కా.
సంతనూతలపాడు దాటేదాకా లారీల వెనకే నడక.
ఒక్కో లారీ మీద ఒక్కటే రాయి,
భోజనాల దగ్గర అలిగి
లేవనని కూచున్న పెద్దమనిషిలాగా.
ఒళ్లో నా నోట్సు:
శిలాద్రవం నిదానంగా చల్లారితే పెద్ద స్ఫటికాలు,
గబగబా చల్లారితే చిన్నవి.
పదకొండేళ్లు ఆ స్ఫటికాల మీదే పాలిష్ పట్టాను.
వాటికి ఆ పేరుందని తెలిసింది మొన్న చలికాలంలో.

డిగ్రీ రెండో ఏడు సగంలో ఆగిపోయినదాన్ని.
నాయన పాదం మీద పలక పడ్డ ఏడు అది.
ఇప్పుడు కాలేజీవాళ్ళు చెప్పారు గదా,
క్లాసుకి రానక్కర్లేదమ్మా,
పన్నెండు వారాలు పాఠం ఫోన్లో విను,
దేశమంతటికీ ఒకటే పరీక్ష,
గట్టెక్కితే మూడు క్రెడిట్లు నీ ఖాతాలో పడతాయని.

క్రెడిట్ అంటే మా ఇంట్లో
గుర్నాథం కొట్టే గుర్తొస్తుంది.
గోడ మీద ఎర్ర పెయింటుతో
"నేడు రొక్కం, రేపు అరువు."
ఆ రేపు కోసం మా బజారంతా ఎదురుచూస్తానే ఉంది,
అయినా పొడుగు పుస్తకంలో మా పేరు కింద
బియ్యం, నూనె, కందిపప్పు
కిందికి దిగతానే ఉంటాయి.
"తీర్చాల్సిన క్రెడిట్టా, మనకి రావాల్సిందా?" అంది అమ్మ.
"కూడబెట్టేది" అన్నాను.
అమ్మ నమ్మలేదు. నేనూ సగమే.

ఒంగోలు బైపాస్ పక్కన కాలేజీ.
లోపలికి పోవాలంటే వేలిముద్ర.
కుడి బొటనవేలు పెట్టాను. ఎర్ర లైటు.
చూపుడు వేలు. ఎర్ర లైటు.
తుడుచుకోమన్నారు, తుడిచాను,
చీర కొంగుకి కాదు, జుట్టుకి రుద్దమన్నారు, రుద్దాను.
వెనక వరస గొణుగుతోంది.
ఏం చెప్పను వాళ్ళకి,
ఆ గీతలు ఎవరింటి గచ్చులోనో మెరుస్తున్నాయని?
నీళ్ళూ రాతిపొడీ కలిసిన అడుసులో
రోజుకి పది గంటలు
రాయి నునుపెక్కుతుంటే వేళ్ళూ నునుపెక్కాయి.
చివరికి ఒక మేడం వచ్చి
కళ్ళు ఫోటో తీసి లోపలికి పంపింది.
కళ్ళు ఇంకా అరగలేదు.

ముప్పైఒకటో ప్రశ్న.
తెర మీద మా రాయి!
నల్లటి నలుపులో బంగారు నలుసులు.
నిద్రలో తడిమినా చెప్తాను,
ఏ క్వారీదో, యలమంద డ్రిల్లు
ఎక్కడ వంకర పోయిందో కూడా.
"ఈ శిల ఏ జాతిది?" కింద నాలుగు పేర్లు.
మొదటిది గ్రానైట్.
మా ఊరి బోర్డుల మీద గ్రానైట్,
వేబిల్లుల మీద గ్రానైట్,
నాయన పాదం గురించి రాసిన కాగితంలోనూ గ్రానైట్.
మూడోది గాబ్రో.
పాఠంలో మూడోదే.

మౌస్ మీద చెయ్యి చాలాసేపు ఆగింది.
తెర మీది రాయి చల్లగా లేదు, బరువుగా లేదు,
అడగటానికి నా వేళ్ళకి ఏమీ మిగల్లేదు.
మూడోది నొక్కాను,
ఊరంతా ఒక మాట మీదుంటే
నేనొక్కదాన్నే లేచి బయటికొచ్చినట్టు.

నెలన్నరకి ఫలితం. యాభై నాలుగు.
మూడు క్రెడిట్లు.
డిగ్రీకి ఇంకా చానా కావాలి, లెక్క ఇప్పుడు చెప్పను.

యూనిట్లో టీ తాగేటప్పుడు యలమందతో అన్నాను,
"ఇది గ్రానైట్ కాదంట్రా."
బీడీ ఆర్పి రాయి వైపు చూశాడు, నా వైపు చూశాడు.
"అయితే కూలి పెరిగిద్దా, తగ్గిద్దా?"

సాయంత్రం గుర్నాథం కొట్టుకి పోయి
పాత బాకీలో రెండొందలు కట్టాను.
పుస్తకం తిప్పి చూపించాడు, సంతకం పెట్టమన్నాడు.
పేరు పూర్తిగా రాశాను,
ఒక్క అక్షరమూ వదలకుండా.